బనగానపల్లె సంస్థానమైంది, కార్వేటినగరం ఎందుకు కాలేదు?

విభాగం: మన జిల్లా చరిత్ర (చిత్తూరు, తిరుపతి)

పుష్కరిణి గట్టు:

అందరికీ నమస్కారం. మాది కార్వేటినగరం పక్క పల్లె. మొన్న తిరుపతిలో ఒక పెళ్లికి పోతే, భోజనాల దగ్గర మాటల్లో మాటగా పాత రాజుల ప్రస్తావన వచ్చింది. నేను మా ఊరి గురించి చెప్పుకుంటుంటే, కర్నూలు వైపు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన "మీది ఉత్త జమీయే కదండీ, మా బనగానపల్లె నవాబుకి తొమ్మిది ఫిరంగుల సలాం ఉండేది" అని తేల్చేశాడు. ఆ తర్వాత నాకు ముద్ద దిగలేదు.

ఇక్కడి పెద్దల్ని అడుగుతున్నా. బనగానపల్లె ఎంతని? మొత్తం కలిపినా 250 చదరపు మైళ్ల పైచిలుకు. సండూరు ఇంకా చిన్నది, 160 దగ్గర. మా కార్వేటినగరం జమీ పుత్తూరు, తిరుత్తణి వైపు రెండు తాలూకాల మేర పరుచుకుని ఉండేది. వేణుగోపాల ముద్రతో పదాలు రాసిన సారంగపాణి మా ఆస్థానంవాడు. వర్ణాలు కట్టిన గోవిందసామయ్యని పోషించింది మా రాజులు. స్కంద పుష్కరిణి రాతిమెట్లు ఒకసారి దిగి చూడండి. శిస్తు వసూలు చేసి పంపే గుమాస్తా కట్టించే పనా అది?

అయినా 1947లో సంస్థానాల లెక్క తీస్తే బనగానపల్లె ఉంది, సండూరు ఉంది, మేం లేం. వెంకటగిరి లేదు, కాళహస్తి లేదు, పుంగనూరు లేదు, కుప్పం దగ్గరి కంగుంది లేదు. ఇది తెల్లవాడు చేసిన అన్యాయం అంటాను నేను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రికార్డు గది:

రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితం ఏం చెబుతుందో అంతవరకే మాట్లాడతా.

మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న సంస్థానాలు ఐదే: తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, బనగానపల్లె, సండూరు. 1923లో వీటిని మద్రాసు నుంచి తప్పించి నేరుగా ఢిల్లీ చేతికిచ్చారు. విస్తీర్ణం చూసి ఎవరూ సంస్థానం హోదా ఇవ్వలేదు. సండూరుకి ఫిరంగి సలామే లేదు, అయినా అది సంస్థానమే. కొలత అది కాదని అక్కడే తెలుస్తోంది.

కార్వేటినగరం, కాళహస్తి, వెంకటగిరి వాళ్లకి కంపెనీ 1802లో సనదులు, అంటే హక్కు పత్రాలు, ఇచ్చింది. ఏటా ఇంత పేష్కష్ (కప్పం) కట్టాలి, అది శాశ్వతం, పెంచం, తగ్గించం. ఆ సనదులో ఏమిచ్చారన్నది తర్వాత, ఏమి మినహాయించారో చూడండి. ఉప్పు కంపెనీది. సారా, కల్లు మీద వచ్చే అబ్కారీ కంపెనీది. దారి సుంకాలు కంపెనీవి. కావలి, పోలీసు అధికారం కంపెనీది. వాళ్ల చేతిలో మిగిలింది భూమి శిస్తు ఒక్కటే.

ఇంకా సూటిగా కావాలంటే ఒక పరీక్ష. కార్వేటినగరం రాజు మీద అప్పులవాడు దావా వేయాలంటే మామూలు సివిల్ కోర్టులో వేసేవాడు, ఎవరి మీదైనా వేసినట్టే. బనగానపల్లె నవాబు మీద బ్రిటిష్ ఇండియా కోర్టులో దావా వేయాలంటే ముందు ప్రభుత్వం అనుమతి కావాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 86వ సెక్షన్. నవాబుకి సొంత కోర్టులుండేవి. తన జనం బ్రిటిష్ ప్రజలు కూడా కారు. చిత్తూరు జిల్లా జమీలలో ఇందులో ఏ ఒక్కటీ లేదు. మరి అన్యాయం ఎక్కడుంది?

బనగానపల్లె అల్లుడు:

హమ్మయ్య, నా తరఫున రికార్డు గది సారే వాదించేశారు. పుష్కరిణి అన్నా, ఆ పెళ్లిలో ఉన్నది నేను కాదు, నా మీద కోపం పెట్టుకోకండి. నేను తిరుపతిలోనే కాపురం ఉంటున్నా, అత్తగారిల్లు బనగానపల్లె.

మా వాళ్ల హోదా ఊరికే రాలేదండీ. బీజాపూరు కాలం నుంచి జాగీరు, తర్వాత మొగలాయీలు, ఆ తర్వాత నిజాం. హైదర్ వచ్చినప్పుడు తలవంచారు. టిప్పు కాలంలో ఊరే చేజారింది, మళ్లీ పోరాడి దక్కించుకున్నారు. ఇన్ని చేతులు మారినా ఇల్లు నిలబెట్టుకున్నారు, అదీ సంగతి.

మామిడి సంగతి ఎత్తను లెండి. చిత్తూరు జిల్లా తోటల్లో సగం మా ఊరి పేరు చెప్పుకునే బతుకుతున్నాయని అంటే తోతాపురి వాళ్లు కొడతారు.

పుష్కరిణి గట్టు:

రికార్డు గది సార్, మీరు 1802 కాగితం చూపించి 1802 తర్వాత సంగతి చెప్పారు. నేను అడిగేది 1802కి ముందు సంగతి.

అంతకుముందు పాలెగార్లుగా ఉన్న మా రాజులకి కావలి హక్కు ఉందా లేదా? సైన్యం ఉందా లేదా? పల్లెల్లో నేరం చేసినవాణ్ణి శిక్షించింది ఎవరు? ఆ పేష్కష్ ఎంత ఉండాలని లెక్కేసేటప్పుడు, ఆర్కాటు నవాబుకి పంపాల్సిన సైన్యం బదులుగా ఇంత డబ్బు అని కలిపి కట్టారు. అంటే సైన్యం ఉన్నట్టు కంపెనీ ఒప్పుకున్నట్టే కదా! సైన్యం తీసేసి, సుంకాలు తీసేసి, కావలి తీసేసి, ఆ తర్వాత "నీ దగ్గర ఏమీ లేదు కాబట్టి నువ్వు రాజువి కాదు" అంటే ఎలా? చొక్కా విప్పించుకుని, చొక్కా లేనివాడికి ప్రవేశం లేదని బోర్డు పెట్టినట్టుంది.

ఇంకొకటి. మీ ఐదు సంస్థానాల్లో పుదుక్కోట ఉంది. దాన్ని ఏలిన తొండమాన్ ఎవరు? ఆయనా పాలెగారే. ఆయన దగ్గరా కంపెనీ ఇదే చేసిందా?

స్వర్ణముఖి:

పుదుక్కోట దగ్గరికి వచ్చారు కాబట్టి నేను కల్పించుకుంటా. తిరుపతిలో చరిత్ర పాఠం చెబుతాను, పిల్లలు ఇదే ప్రశ్న ప్రతి ఏడూ వేస్తారు.

మన జిల్లా పాలెగార్లు ఆర్కాటు నవాబు నీడలో ఉన్నారు. ఆ నవాబు మహమ్మద్ అలీ కంపెనీకి నిలువునా అప్పుల్లో ఉన్నాడు. 1792 ఒప్పందంలో తన కింది పాలెగార్ల పేష్కష్ వసూలు చేసుకునే పని కంపెనీకి అప్పగించాడు. తర్వాత 1801 జూలైలో కర్ణాటక మొత్తం కంపెనీకి రాసిచ్చారు, నవాబుకి పేరు, భత్యం మిగిలాయి. తిరుమల గుడి ఆదాయం కూడా అదే దెబ్బకి కంపెనీ చేతికి పోయింది. 1843లో హాథీరాంజీ మఠం మహంతులకి అప్పగించేదాకా కొండమీద పెత్తనం చిత్తూరు కలెక్టరుదే. అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకి ముఖ్యపట్టణం చిత్తూరు కదా. స్వామివారి హుండీ, కార్వేటినగరం పేష్కష్ ఒకే కచేరీలో లెక్కకెక్కేవి!

ఇక బనగానపల్లె. అది నిజాం వైపుది. 1800లో నిజాం బళ్లారి, కడప వైపు జిల్లాలు కంపెనీకి వదిలేసినప్పుడు ఈ జాగీరు కూడా కంపెనీ నీడలోకి వచ్చింది. కానీ నవాబు చేతిలోంచి పాలన లాక్కోలేదు. చిన్న ముక్క, కొండల మధ్య ఉంది, దానివల్ల భయమూ లేదు, పెద్ద రాబడీ లేదు.

పుదుక్కోట కథ వేరు. తొండమాన్లు ఫ్రెంచివాళ్లతో యుద్ధాల కాలం నుంచి కంపెనీని అంటిపెట్టుకుని ఉన్నారు. 1799లో కంపెనీ మీద తిరగబడ్డ పాలెగారు కట్టబొమ్మన్ పారిపోయి అడవిలో దాక్కుంటే పట్టి అప్పగించింది తొండమానే. దానికి ప్రతిఫలంగా పేష్కష్ లేకుండా రాజ్యం నిలిచింది. కీళానెల్లి కోట, దాని చుట్టు పల్లెలు అదనంగా ఇచ్చి ఏటా ఒక ఏనుగు కట్నంగా ఇవ్వమన్నారు. ఆ ఏనుగు షరతు కూడా 1836లో ఎత్తేశారు. చివరికి 17 ఫిరంగుల సలాం.

కాబట్టి రికార్డు గది గారూ, కాగితమే అంతా అంటే నేను ఒప్పుకోను. సైన్యం ముందు నడిచింది, కాగితం వెనకాల వచ్చింది. పుష్కరిణి తమ్ముడూ, అన్యాయం అనే మాటా నాకు అతకదు. అన్యాయం అనాలంటే ముందు ఒక న్యాయం ఉండాలి. కంపెనీకి ఎవరితో ఎంత పని ఉందో అంతే హోదా ఇచ్చింది.

రికార్డు గది:

మేడమ్ చెప్పినదానికి అడ్డు చెప్పను. చిన్న చేర్పు. బనగానపల్లెకి కర్నూలు కలెక్టరు, సండూరుకి బళ్లారి కలెక్టరు రాజకీయ ప్రతినిధులుగా ఉండేవాళ్లు. అంటే సంస్థానమైనా, జమీ అయినా పైన కూర్చున్నది ఒక కలెక్టరే. జమీందారుకి హుకుం పంపేవాడు, నవాబుకి "సలహా" పంపేవాడు. ఆ సలహా కాదంటే ఏమవుతుందో 1905లో బనగానపల్లె చూసింది. ఖజానా సరిగా నడపలేదని మద్రాసు ప్రభుత్వం కొంతకాలం పాలన లాగేసుకుంది. ఉరిశిక్ష వేయాలన్నా పైనుంచి ఆమోదం రావాలి.

బనగానపల్లె అల్లుడు:

1905 సంగతి ఎత్తుతారని నాకు తెలుసు. కొన్నాళ్లకే తిరిగి ఇచ్చారు కదా సార్! జమీ అయితే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (ఎస్టేటుని ప్రభుత్వమే నడిపే శాఖ) కిందికి పోయేది, అంతే తేడా.

కొండకింద రైతు:

ఇంతసేపూ చదువుతున్నా. రాజుకి ఫిరంగి పేల్చారా లేదా, ఏనుగు అడిగారా లేదా అని కొట్టుకుంటున్నారు. శిస్తు కట్టినోడి మాట ఒక్కరన్నా ఎత్తారా సామీ?

మాది నగరి పక్కన. మా తాతలు జమీ రైతులు. ఏ జమీ అని చెప్పను, ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పండగలకి కలుస్తాం. మా ట్రంకు పెట్టెలో మా తాత శిస్తు కట్టిన దాఖలాలు కొన్ని ఉన్నాయి. గోధుమరంగు కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది. పైన ఫసలీ 1341 అని ఉంది, అంటే 1931-32. కిస్తు ఎంతో, బాకీ ఎంతో విడివిడిగా రాసి, కింద కరణం సంతకం. ఒకదాని వెనకాల మా తాత పెన్సిలుతో "రెండు పుట్లు జప్తు, దావా వేసినాను" అని రాసుకున్నాడు. పంట కోసిన కళ్లంలోనే జప్తు చేశారంట. మా నాయన చెప్పేవాడు, తాత ఆ కేసు కోసం రెవెన్యూ కోర్టు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి చివరికి కొంత తగ్గింపు తెచ్చుకున్నాడని.

ఆ కేసు ఎట్లా వేయగలిగాడు? 1908లో మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ వచ్చింది కాబట్టి. జమీ రైతుకి భూమి మీద సాగు హక్కు ఉంది, ఊరికే వెళ్లగొట్టడానికి లేదు, పట్టా ముచ్చిలికలు (ఇద్దరి మధ్య ఒప్పంద పత్రాలు) రాసుకోవాలి, శిస్తు ఇష్టం వచ్చినట్టు పెంచడానికి లేదు అని చట్టం చెప్పింది. చట్టం ఉన్నంత మాత్రాన అంతా జరిగిపోయిందని కాదు. కానీ కోర్టు అనేది ఒకటి ఉంది, అది జమీందారుది కాదు. అదే మీ బనగానపల్లెలో ఒక రైతుకి నవాబు మనుషులతో తగువొస్తే ఎవరి కోర్టుకి పోవాలి? నవాబు కోర్టుకే.

పుష్కరిణి తమ్ముడికి ఇది బాధగా ఉండచ్చు. నేను మాత్రం మాది సంస్థానం కానందుకు సంతోషిస్తున్నా.

పుష్కరిణి గట్టు:

అన్నా, మీ తాతగారి దాఖలా సంగతి చదివి నాకూ కష్టంగానే ఉంది. కానీ ఆ జప్తు ఎందుకు జరిగిందో కూడా చూడాలి కదా.

మా రాజుల దగ్గర అధికారం లాక్కున్నారు గానీ దర్బారు ఖర్చు పోలేదు. ఉత్సవాలు ఆగలేదు, విద్వాంసులకి ఇచ్చేది ఆగలేదు, బంధుబలగం తగ్గలేదు. ఉప్పు మీద రాబడి లేదు, సుంకం లేదు, అబ్కారీ లేదు. మిగిలింది రైతు ఒక్కడే. ఎంత కావాలన్నా అక్కడి నుంచే పిండాలి. చాలకపోతే అప్పు. 1904లో పెద్ద జమీలు పంచడానికి వీల్లేదు, ఇష్టమొచ్చినట్టు అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదు అని ప్రత్యేకంగా చట్టమే తెచ్చారంటే అప్పులు ఏ స్థాయిలో ఉన్నాయో ఊహించుకోండి. ఉత్త జమీగా మార్చడం వల్లే రాజు రైతు మీద పడ్డాడు అంటాను. సంస్థానంగా వదిలేసి ఉంటే నాలుగు రకాల రాబడి ఉండేది.

కొండకింద రైతు:

నాలుగు రకాల రాబడి ఉంటే నాలుగు చోట్ల పిండేవాళ్లు తమ్ముడూ. ఉప్పు కొన్నదీ మా అవ్వే, కల్లు తాగినదీ మా తాతే.

స్వర్ణముఖి:

హహ్హహ్హ, ఇది మాత్రం కాదనలేం.

అయినా పుష్కరిణి చెప్పిన మొదటి సగం నాకు నచ్చింది. జమీందార్ల అప్పుల గురించి రాసేవాళ్లు చాలామంది భోగలాలసత అని ఒక్క మాటతో సరిపెడతారు. బాధ్యతలు పాతవే ఉంచి రాబడి మాత్రం కోసేస్తే ఏమవుతుందో ఎవరూ లెక్కవేయరు. సారంగపాణి పదాలు ఈరోజు మనకి ఉన్నాయంటే ఆ దర్బారు ఖర్చు వల్లే. పుంగనూరు ఆవు, వెంకటగిరి జరీ నేత నిలబడటంలోనూ ఆ ఇళ్ల చేయి ఉంది. దాని బిల్లు కట్టింది రైతు అన్నదీ నిజమే. రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోది మింగెయ్యకూడదు.

రైతు అన్న చెప్పిన కోర్టు పాయింటుకి ఇంకొకటి కలుపుతా. ఓటు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా, అప్పటిదాకా మద్రాసుకి ముఖ్యమంత్రిగా ఉన్నాయన, వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఓటు అందరికీ లేదు, శిస్తు, ఆస్తి, చదువు ఉన్నవాళ్లకే. అయినా ఒక జమీందారుని, అదీ ముఖ్యమంత్రిని, సొంత గడ్డ మీద జనం దించేశారు. బనగానపల్లె జనానికి మద్రాసు శాసనసభలో ఓటే లేదు, నవాబుని దించే దారీ లేదు. ఆ ఎన్నికల తర్వాతే ప్రకాశం గారి అధ్యక్షతన ఎస్టేట్స్ కమిటీ కూర్చుంది. భూమి రైతుది, జమీందారు వసూలుదారు మాత్రమే, శిస్తు 1802 ముందునాటి స్థాయికి దించండి అని సిఫారసు చేసింది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది అటకెక్కింది, అది వేరే సంగతి.

వెంకటగిరి జమీలో అడవి, పచ్చికబీళ్ల హక్కుల మీద రైతులు చేసిన పోరాటం తెలిసిందే. నెల్లూరు నుంచి "జమీన్ రైతు" అని ఏకంగా ఒక పత్రిక నడిచింది. "సంస్థాన రైతు" అని బనగానపల్లె నుంచి పత్రిక పెట్టి నవాబుని తిట్టడం కుదిరే పనేనా?

మోడరేటర్:

ఫలానా కులంవాళ్లే రాజులు, ఫలానావాళ్లు కాదు అంటూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. చర్చ బాగా నడుస్తోంది, దయచేసి చెడగొట్టకండి.

ఏర్పేడు జంక్షన్:

కొత్తగా చేరాను. ఒక డౌటు. మద్రాసు ఊరిని ఇంగ్లీషువాళ్లకి ఇచ్చింది మన కాళహస్తి వాళ్లే అంటారు కదా? అలాంటివాళ్లు చివరికి జమీందార్లు ఎలా అయ్యారు?

స్వర్ణముఖి:

అవును తమ్ముడూ. 1639లో మద్రాసపట్నం తీరం ముక్కని కంపెనీకి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. వాళ్ల నాన్న చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అప్పట్లో ఇంగ్లీషువాళ్లు బట్టలు కొనుక్కోవడానికి ఒక చోటు చూపించమని తిరిగే వర్తకులు. దామెర్ల వాళ్ల పైన చంద్రగిరి రాయలు ఉన్నాడు. 1645లో శ్రీరంగరాయలు కూడా కంపెనీకి హక్కులు ఖాయం చేస్తూ రాసిచ్చాడు. అక్కడి నుంచి 1802కి రండి. అదే కంపెనీ దగ్గర కాళహస్తి వాళ్లు సనదు తీసుకున్నారు. 163 ఏళ్లలో ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి తారుమారు. నా క్లాసులో పిల్లలు కళ్లార్పకుండా వినే ఘట్టం ఇదొక్కటే, మిగతా టైం ఫోన్లు చూస్తుంటారు.

కాళహస్తి పక్కన పానగల్లు నుంచే పానగంటి రామరాయణింగారు వచ్చి 1921 నుంచి 1926 దాకా మద్రాసుకి ముఖ్యమంత్రిగా చేశారు. సంస్థానం లేకపోయినా మద్రాసు మొత్తాన్ని ఏలాడు!

పుష్కరిణి గట్టు:

అక్కా, చరిత్ర బాగుంది, నా ప్రశ్నకి సమాధానం ఇంకా రాలేదు. తొండమాన్ కట్టబొమ్మన్ని పట్టించాడు కాబట్టి రాజ్యం దక్కింది అన్నారు. మా వాళ్లు 1802లో కంపెనీతో గొడవేమీ పడలేదే, సనదు బుద్ధిగా తీసుకున్నారు. మరి విధేయతకి ఫలితం ఒకరికి రాజ్యం, ఇంకొకరికి శిస్తు పుస్తకమా?

స్వర్ణముఖి:

దీనికి నా అభిప్రాయం చెబుతా, అభిప్రాయంగానే తీసుకో.

మ్యాపు ముందు పెట్టుకో. మద్రాసు నుంచి మైసూరుకి పోవాలంటే చిత్తూరు, పలమనేరు దారి. హైదర్ అలీ 1782లో చనిపోయింది ఎక్కడ? చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో, దండు విడిదిలో. మైసూరు సైన్యం దిగినా, కంపెనీ సైన్యం ఎక్కినా మన కనుమల్లోంచే. ఈ దారి పొడవునా సొంత బంట్లు ఉన్న పాలెగార్లని వదిలేయడం కంపెనీకి ఇష్టం లేదు. 1799లో టిప్పు పోయాక మైసూరు భయం తీరింది. ఇక ఈ పాలెగార్ల సైన్యంతో పనేముంది? పుదుక్కోట తొండమాన్ అవసరం దక్షిణాన పాలెగార్ల యుద్ధాలు నడుస్తుండగా వచ్చింది, ధర బాగా పలికింది. మన వాళ్ల వంతు వచ్చేసరికి బేరానికి ఏమీ మిగల్లేదు.

పైగా 1804లో చిత్తూరు పడమటి పాలెగార్లు తిరగబడ్డారు. నరగంటి, పులిచెర్ల, కల్లూరు, బంగారి, పాకాల, మొగరాల వైపు చిన్న పాలెగార్లు. కంపెనీ సైన్యం దింపి అణిచేసింది. కార్వేటినగరం అందులో లేదు. కానీ పక్కింట్లో మంట రేగినప్పుడు ఈ ఇంటివాడికి బాణసంచా ఇవ్వరు కదా.

బనగానపల్లె అల్లుడు:

అక్కా, మీరు కర్నూలు నవాబుని మర్చిపోయారు. మా పక్కనే, మాకన్నా చాలా పెద్ద రాజ్యం. 1839లో కోటలో ఆయుధాలు దాచి కుట్ర చేస్తున్నాడని గులాం రసూల్ ఖాన్‌ని దించేసి తిరుచిరాపల్లికి పంపేశారు, అక్కడే పోయాడు. రాజ్యం కలిపేసుకున్నారు. ఇంకో పదహారేళ్లకి, 1855లో, ఆర్కాటు నవాబుకి కొడుకు లేడని ఆ గద్దె కూడా ఎత్తేశారు. పుష్కరిణి అన్నా, మీరు సంస్థానంగా మిగిలి ఉంటే 1855 దాటేవాళ్లని గ్యారంటీ ఏమిటి? వారసుడు లేకపోతేనో, ఎవడన్నా చాడీ చెబితేనో పోయేది. జమీకి ఆ టెన్షన్ లేదు. పేష్కష్ టైముకి కడితే చాలు.

మా నవాబు నెగ్గుకొచ్చింది చిన్నవాడు కాబట్టే అని ఇప్పుడు నాకే అనిపిస్తోంది. ఈ మాట అత్తగారింట్లో అననులెండి.

రికార్డు గది:

1948 దగ్గరికి రండి, తేడా అక్కడ డబ్బు రూపంలో కనిపిస్తుంది. బనగానపల్లె ఆ ఏడాది మద్రాసులో కలిసి కర్నూలు జిల్లాలో భాగమైంది. నవాబుకి రాజభరణం, అదీ పన్ను లేకుండా, రాజ్యాంగంలో 291వ అధికరణం హామీతో. 1971లో 26వ సవరణతో రద్దయ్యేదాకా అది నడిచింది. అదే 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, 26వ నంబరుది, వచ్చింది. జమీందార్లకి నష్టపరిహారం లెక్కగట్టారు. ఎస్టేటు పెద్దదయ్యేకొద్దీ రెట్లు తగ్గాయి. అందులోంచి వాటాదారులకి, మనోవర్తి ఉన్నవాళ్లకి, అప్పులవాళ్లకి పోగా మిగిలింది వాళ్లకి. ఒకరిది కేంద్రం మాట, ఇంకొకరిది లెక్కల పద్దు. పుష్కరిణి గారికి అన్యాయం అనిపిస్తే ఇక్కడ అనిపించాలి, విస్తీర్ణం దగ్గర కాదు.

కొండకింద రైతు:

రద్దు చట్టం వచ్చాక మా తాతకి రైత్వారీ పట్టా, అంటే శిస్తు నేరుగా ప్రభుత్వానికే కట్టే పట్టా, వచ్చింది. ట్రంకు పెట్టెలో అదీ ఉంది, దాన్ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టాం. నవాబు భరణం గురించి ఏడవాల్సినవాళ్లు ఏడవండి, నాకేం అభ్యంతరం లేదు.

పుష్కరిణి గట్టు:

నేను ఏడవడం లేదన్నా. కానీ నా మాట మార్చుకోను కూడా. మీ తాతగారికి కోర్టు దొరకడం మంచిదే. అది చట్టం చేసిన మేలు. దాన్ని చూపించి రాజుని గుమాస్తాగా దించేయడం సరైనదే అని తీర్పు చెప్పలేం. సంస్థానంలో కూడా అలాంటి చట్టం తెచ్చి ఉండొచ్చు. తిరువాన్కూరులో రైతు హక్కులకి 19వ శతాబ్దంలోనే ఫర్మానాలు వచ్చాయి కదా.

స్వర్ణముఖి అక్క చెప్పిన దారి సంగతి మాత్రం ఆలోచించాలి. మద్రాసుకి, మైసూరుకి మధ్యలో పడటం మా ఖర్మ అన్నమాట.

ఏర్పేడు జంక్షన్:

ఆ తిరుత్తణి కూడా ఇప్పుడు మనది కాదు. 1960లో తమిళనాడు వైపు పోయింది. రాధాకృష్ణన్ గారు పుట్టింది అక్కడే, వాళ్ల నాన్నగారు స్థానిక జమీందారు దగ్గర రెవెన్యూ ఉద్యోగి అని చదివాను. జమీ, జిల్లా, రాష్ట్రం అన్నీ మారినా ఊరు అక్కడే ఉంది!

రికార్డు గది:

1802 సనదుల మీద ఇంత మాట్లాడుతున్నారు గానీ ఒక్కరైనా చూశారా? ఆ కాలం నాటి బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, కాలేజీ నుంచో సంస్థ నుంచో లెటర్ ఉంటే పని సులువు. స్వర్ణముఖి మేడమ్ ఇస్తారనుకుంటా. 1802 నుంచి 1805 దాకా సంపుటాలు అడగండి, చిత్తూరు పాలెగార్ల ఉత్తరాలూ వాటిలోనే దొరకాలి. ఇంగ్లీషు చేతిరాత అలవాటయ్యేదాకా తలనొప్పిగా ఉంటుంది, భూతద్దం తీసుకెళ్లండి.

పుష్కరిణి గట్టు:

లెటర్ ఇప్పించండి అక్కా, పోతా. రైతన్నా, మీ దాఖలాలు ఒకసారి ఫోటో తీసి ఇక్కడ పెడతారా? జమీ పేరు ఉన్నచోట వేలు అడ్డం పెట్టండి.

కొండకింద రైతు:

ఆదివారం పెడతా. వెనకవైపు పెన్సిలు రాత ఫోనులో పడుతుందో లేదో చూడాలి.